బొటనవేలి కింది మనిషి

విమానాల ఫోటోలు చూసేటప్పుడు ముందు మనుషుల మీద బొటనవేలు పెట్టాలన్నది వాళ్ల పద్ధతి.

విశ్వపతికి ఆ పద్ధతి నేర్పినవాడు ఫిలిప్, సికింద్రాబాద్‌లో రైల్వే గుమాస్తా. "మనిషి కనబడ్డాడంటే కన్ను అక్కడే కూర్చుంటుంది మాస్టారూ. మీసం చూస్తాం, చొక్కా చూస్తాం. రెక్క ఒంటికెక్కడ అతికిందో మాత్రం చూడం," అనేవాడు. అందుకని ఆదివారాలు ఫిలిప్ ఇంటి మేడమీద చేరే ఆ నలుగురైదుగురూ, ఎవరు ఏ ఫోటో తెచ్చినా, అందులో నిలబడ్డ పైలట్లనీ మెకానిక్‌లనీ ముందు వేళ్లతో మూసేసి, మిగిలినదాన్ని పరీక్షగా చూసేవారు. చక్రాలు ముడుచుకునే తీరు చూసేవారు. కిటికీల ఆకారం, తోక వాలు చూసేవారు. ప్రపంచం మొత్తం మీద రెండో మూడో తయారై, ఆగిపోయి, అందరూ మరిచిపోయిన విమానాలంటే వాళ్లకి ప్రాణం. ఫోటోలో ఉన్నది ఫలానాదని తేలిన రోజు ఫిలిప్ వాళ్లావిడ అందరికీ రెండోసారి టీ ఇచ్చేది. తేలకపోతే ఇచ్చేది కాదు.

విశ్వపతి బోయినపల్లిలో ప్రభుత్వ పాఠశాలలో భూగోళం చెబుతాడు. ఎవరికీ అంతుపట్టని ఫోటో ఒకటి అతని దగ్గరుంది. మూడేళ్ల కిందట, బడికి సెలవున్న ఒక శుక్రవారం, బేగంపేట విమానాశ్రయం ప్రహరీ బయట మట్టిదిబ్బ ఎక్కి తనే తీశాడు. రెండు ఇంజన్లు, పైకప్పుకి అతికించినట్టున్న రెక్క, మూడు నిలువు తోకలు, రంగు వేయని అల్యూమినియం ఒళ్లు. ఎండకి అద్దంలా మెరిసిపోతోంది. తోక మీది నెంబరుకి నిచ్చెన అడ్డం వచ్చింది. నెంబరు తెలిస్తే పేరు తెలుస్తుంది. నెంబరు లేక మూడేళ్లుగా ఆ ఫోటోకి రెండో టీ దక్కలేదు.

ఫోటో తీసిన నాడు విశ్వపతి భుజాల మీద అతని కూతురు శర్వాణి కూర్చుని ఉంది. ఐదేళ్ల పిల్ల. ఆ వానాకాలంలోనే మెదడువాపు జ్వరం వచ్చి చనిపోయింది.

"ఈ తెల్లటి మచ్చ మీరే," అంది డాక్టర్ మందాకిని.

తార్నాక దాటాక ఒక పాత బంగళాలో ఆమె ప్రయోగశాల. సూక్ష్మదర్శిని కింద ఆ ఫోటో నెగటివ్ ఉంది. విశ్వపతి చూశాక అతని భార్య కాత్యాయని వంగి చూసింది. మెరిసే విమానం ఒంటి మీద, కిటికీకి కాస్త కిందగా, బియ్యపుగింజలో సగం ఉండే మచ్చ. ఫోటో తీస్తున్న విశ్వపతి ప్రతిబింబం.

"దీని పైన ఇంకో చిన్న మచ్చ ఉందండీ," అంది కాత్యాయని తల ఎత్తకుండా.

"అది మీ పాప."

కాత్యాయని అలాగే వంగి ఉండిపోయింది. విశ్వపతి కిటికీవైపు చూశాడు.

మందాకిని డబ్బాలోంచి పనికిరాని నెగటివ్ ఒకటి తీసింది. అందులో వీధికుక్క ఒకటి పడుకుని ఉంది. దాన్ని యంత్రంలో పెట్టి, కుక్క తల ఉన్నచోట సన్నటి గాజుకన్ను ఆనించి మీట నొక్కింది. పక్కనున్న తెర మీద కుక్క చెవి కదిలింది. తల ఎత్తింది. ఎవరినో చూసి, ఆవలించి, మళ్లీ తల వాల్చింది. అంతే. తెర తెల్లబడింది. మందాకిని నెగటివ్ బయటికి తీసి వాళ్ల చేతికిచ్చింది. దాని మీద కుక్కా లేదు, వీధీ లేదు. మంచినీళ్ల గ్లాసులా ఆ పక్కది ఈ పక్కకి కనపడుతోంది.

"కెమెరా కన్ను తెరవకముందు సందుల్లోంచి జొరబడ్డ వెలుగునీ, మూసేశాక జొరబడ్డ వెలుగునీ కూడా ఫిల్మ్‌లోని వెండి మరిచిపోదు. ఏది ముందొచ్చిందో, ఏది వెనకొచ్చిందో వరసగా దాచుకుంటుంది," అంది మందాకిని. "కానీ ఒక్క చుక్క పలకాలంటే మిగతా వెండినంతా ఖర్చు పెట్టాలి. ఒక ఫిల్మ్‌కి ఒక చోటు, ఒక్కసారి. కాగితం మీది ప్రింటు ఇందుకు పనికిరాదు."

"చోటు తప్పితే?" అన్నాడు విశ్వపతి.

"మొదట్లో మా అమ్మ ఫిల్మ్ పెట్టాను మాస్టారూ. ఆవిడవి ఇంకేవీ లేవు. గాజుకన్ను వెంట్రుకవాసి పక్కకి జరిగింది. వెనకాల కర్టెన్ గాలికి ఊగడం చూశాను." ఆమె డబ్బా మూత పెట్టేసింది. "ఇప్పుడు చోటు తప్పదు లెండి. చెయ్యి కుదిరింది. వచ్చే గురువారం రండి."

బయటికొస్తూ గుమ్మం దగ్గర ఆగింది కాత్యాయని. "మేడమ్, అది నవ్వుతుందా?"

"అప్పుడేం చేసి ఉంటే అదే కనపడుతుందమ్మా. నేనేదీ కల్పించలేను."

ఆ ఆదివారం విశ్వపతి ఫిలిప్ ఇంటికి వెళ్లలేదు. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ముతక నూలు చీర, చేతిలో మడతలు నలిగిన వార్తాపత్రిక.

"సార్, గీ ఫోటో దీసింది మీరేనా? పేపర్ల మీ పేరేసిన్రు."

ఆ విమానాన్ని పాఠకులెవరైనా గుర్తుపడతారేమోనని ఫిలిప్ పదిహేను రోజుల కిందట దాన్ని పత్రికకి పంపించాడు. విశ్వపతికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "నేనేనమ్మా. ఈ విమానం మీకు తెలుసా?"

"ఇమానం సంగతి నాకేమెర్క? నిచ్చెన మీదున్నోడు మా ఆయన."

విశ్వపతి పత్రిక అందుకున్నాడు. నిచ్చెన మీద మెకానిక్ బట్టల్లో ఒకడు, అటు తిరిగి, సగం ఎక్కి ఉన్నాడు. గోడ మీద తన ఫోటో వైపు చూశాడు. అది తను కత్తిరించి పెద్దది చేయించిన ప్రింటు. అందులో నిచ్చెన ఉంది గాని, దాని మీద మనిషి ఉండాల్సిన చోట, అందరూ మూడేళ్లుగా వేలు పెట్టీ పెట్టీ, నూనెమరకలాంటి గోధుమరంగు మచ్చ ఉంది. అక్కడొక మనిషి ఉన్నాడన్న సంగతే అతనికి గుర్తు లేదు.

"కూర్చోండి. మీ పేరు?"

"అండాలు. రసూల్‌పురల ఉంటం. ఆయన పేరు దశరథ్."

"వీపే కదమ్మా కనపడుతోంది. అతనే అని..."

"పన్నెండేండ్లు సంసారం జేసిన సార్, ఈపు గుర్తువట్టనా? సూడున్రి, ఎడమ భుజం కిందికి ఉంటది. చిన్నప్పుడు గోడ మీదికెల్లి పడితే నాటు కట్టు కట్టిచ్చిన్రు, వంకర అతికింది. అంగీ కుడితే దర్జీ తిట్టుకునెటోడు."

సామాన్లు మోసే విమానాల ప్రైవేటు కంపెనీ ఒకదానిలో దశరథ్ మెకానిక్. ఎక్కడి నుంచో ఒక కొత్తరకం విమానం వచ్చింది, దాన్ని నడిపి చూస్తున్నారని ఇంట్లో చెప్పాడు. ఒక శుక్రవారం పనికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఫోటో తీసిన శుక్రవారం అదేనని ఆమె తేదీ చెప్పగానే విశ్వపతికి తెలిసింది. కంపెనీకి వెళ్లి అడిగితే అలాంటి విమానమే తమ దగ్గర లేదన్నారు. దశరథ్ గురువారమే పని మానేసి వెళ్లిపోయాడన్నారు.

"ఆయనతోటి పనిచేసినోడు ఒకడు నా చెవుల జెప్పిండు, ఇమానం సముద్రం మీదికి పోయి మల్ల రాలేదని. నలుగురిల అడిగితే నేనెప్పుడన్న అంటడు. మా గల్లీల ఇంకో తీరు అంటరు. ఎవతెనో లేవదీస్కపోయిండంట." అండాలు పత్రికని జాగ్రత్తగా మడిచింది. "సార్, ఫిల్ముంటే ఫోటోలున్నోళ్లు కదులుతరంట గద. గదిగూడ పేపర్ల రాసిన్రు. ఈపు జూపిస్తే ఎవలు నమ్ముతరు? ఈయన ఇటు మొఖం జేస్తడేమో, లోపల్కి పోతడేమో జూస్తరా?"

వంటింట్లో చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"అతను ఎక్కినట్టు తేలితే..." అన్నాడు విశ్వపతి.

"సచ్చినట్టే గద. నాకెర్కలేదా?" ఆమె గొంతు మారలేదు. "సచ్చిండని తెలిస్తే ఏడుస్త. ఇడిసిపెట్టి పోయిండని తెలిస్తే తిడుత. రెండిట్ల ఏదో ఒకటి చెయ్యనియ్యి సార్. మూడేండ్లాయె, ఏది చేసుడో తెల్వక ఊకెనే కూసున్న."

ఆలోచించి చెబుతానన్నాడు. ఆమె వెళ్లాక కాత్యాయని చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మన గురువారం సంగతి ఆవిడకి చెప్పారా?"

"లేదు."

"చెప్పొద్దు. ఆవిడ బాధ ఆవిడది. నేను కాదనను. కానీ అది నా పిల్లండీ."

"నేనేమన్నానని?"

"మీరేమీ అనరు. మీ మొహం అంటుంది." ఆమె లోపలికి వెళ్లిపోయి, మళ్లీ వచ్చింది. "రేపు బడి అయ్యాక ఇద్దరం వెళ్లి కుదరదని చెప్పేద్దాం. ఆశ పెట్టి ఉంచడం పాపం."

రసూల్‌పురలో ఆ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. పేరు చెప్పగానే చిన్నపిల్లలు కూడా దారి చూపించారు. అండాలు ఇంటి ముందు కూర్చుని మిషను మీద జాకెట్టు కుడుతోంది. వాళ్లని చూసి గబుక్కున లేచి, ఒక్క కుర్చీ ఉంటే అది విశ్వపతికి వేసి, కాత్యాయనికి చాప పరిచింది. ఎందుకొచ్చారని అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయపడుతున్నట్టు మాట్లాడుతూనే ఉంది.

"ఆయన ఆ ఇమానాన్ని ఏమనెటోడో ఎర్కనా అక్కా? పెండ్లికొడుకు అనెటోడు. అందర్ని నిలబెట్టి, తయారయ్యేతందుకే ఒక పూట తీస్కుంటదంట."

విశ్వపతికి నవ్వొచ్చింది. ఫిలిప్‌కి చెప్పాలనుకున్నాడు. కాత్యాయని మాత్రం చెప్పాల్సిన మాట కోసం గొంతు సవరించుకుంది.

అప్పుడే గల్లీ మొదట్లో ఇద్దరు ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వస్తూ కనిపించారు. ఎవరింట్లోనో పెళ్లి. గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి రమ్మని చెబుతున్నారు. పక్కింటి కోడలికి పెట్టారు. అండాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నెమ్మదించాయి. పెద్దావిడ వేలు కుంకుమలో ముంచింది. అండాలు మొహం చూసింది, మెడ చూసింది. వేలు గాలిలో ఉండిపోయింది. రెండో ఆవిడ ఆమె మోచెయ్యి గిల్లింది. పెద్దావిడ ఆ వేలిని అండాలు పక్కనుంచి పోనిచ్చి తలుపు చెక్కకి బొట్టు పెట్టి, "బుధవారం లగ్గం, ఇంట్లోళ్లు రాన్రి," అని ఎవరివైపూ చూడకుండా చెప్పి, చాప మీదున్న కాత్యాయనికి మాత్రం వంగి నిండుగా పెట్టి, ముందుకి వెళ్లిపోయింది.

అండాలు నవ్వింది. "ఎప్పటికి గంతే అక్కా. దర్వాజకు పెట్టి పోతరు. దాని మొగుడున్నడని వాళ్లకు పక్కాగ ఎర్కనేమో."

కాత్యాయని ఆ నవ్వులో కలవలేదు. కాసేపు కూర్చుని, ఇచ్చిన టీ తాగి, చెప్పాల్సింది చెప్పకుండానే లేచింది.

తిరుగు బస్సు ఎక్కారు. బోయినపల్లిలో దిగి సగం దూరం నడిచాక ఆమె ఆగింది.

"మన పాప ఎక్కడుందో మనకి తెలుసండీ."

విశ్వపతికి తెలుసు. తను ఎత్తుకుని తీసుకెళ్లిన దారి, చుట్టూ నలుగురు, చివరికి మట్టి తడిగా తగలడం, అన్నీ తెలుసు. మరిచిపోదామన్నా మరుపు రావు. అన్నీ తెలిసి ఉండడం ఒక ఆస్తి అని ఆ రోజు దాకా అతనికి తోచలేదు.

"నాకు చూడాలనుంది," అన్నాడు.

"నాకు లేదా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నుదుటి మీది కొత్త కుంకుమ చెదిరి కనుబొమ్మ దాకా పాకింది. అలాగే ఇంటికి నడిచింది.

గురువారం ప్రయోగశాలలో, అండాలు రాకముందు, మందాకిని మరోసారి అడిగింది. "ఇది అయిపోయాక మీ పాప మచ్చ కూడా మిగలదు. తెలుసు కదా?"

"తెలుసు," అంది కాత్యాయని. "నిచ్చెన మీద పెట్టండి."

అండాలుతో పాటు ఫిలిప్ కూడా వచ్చాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "మేడమ్‌గారూ, ఆ కన్ను ఒక్క నలుసంత కుడికి జరిపితే తోక మీది నెంబరు కూడా వచ్చేస్తుందేమో చూడండి," అన్నాడు.

"జరిపితే అతని మొహం పోతుంది."

ఫిలిప్ యంత్రం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. ఆ విమానం పేరు ఇంక ఎప్పటికీ తెలియదని అతనికి అప్పుడే అర్థమైంది. కుర్చీ అండాలు వైపు జరిపి, తను వెళ్లి గోడకి ఆనుకున్నాడు. ఈ ఫిల్మ్‌లో ఇంకేముందో, వాళ్లేం వదులుకుంటున్నారో అండాలుకి ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని కాత్యాయని ముందే మిగతావాళ్లకి చెప్పింది.

తెర మీద వచ్చేది రికార్డయ్యేలా మందాకిని వీడియో టేపు తిప్పి, మీట నొక్కింది.

తెర మీద నిచ్చెన మెట్లు, వాటి మీద నూనెమరకల బట్టలు. వంకర భుజం. మనిషి ఒక మెట్టు ఎక్కాడు. ఇంకోటి ఎక్కాడు. అక్కడ ఆగాడు. నిచ్చెన చట్రంలోంచి మోచెయ్యి పోనిచ్చి పట్టుకుని, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు.

అండాలు ముందుకి వంగింది. కుర్చీ అంచు పట్టుకుంది.

పలచటి మొహం, చెంప మీద గ్రీజు. ప్రహరీ వైపు చూశాడు. కెమెరా వైపు చూస్తున్నాడనే విశ్వపతి మొదట అనుకున్నాడు. కాదు. చూపు ఇంకాస్త పైన ఉంది. దశరథ్ కనుబొమలు ఎగరేశాడు. తర్వాత, అంత పెద్ద మనిషీ, బారెడు నాలుక బయటపెట్టి, ఖాళీగా ఉన్న చేతిని చెవి దగ్గర పెట్టుకుని ఏనుగు చెవిలా ఆడించాడు. లోపలి నుంచి ఎవరో కేకేసినట్టున్నారు. నాలుక లోపలికి తీసుకుని, నవ్వుకుంటూ మిగిలిన మెట్లు ఎక్కి, తలుపులోకి వంగాడు. లోపలి చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి తలుపు లాక్కుంది. తలుపు పడింది.

తెర తెల్లబడింది.

"ఎక్కిండు," అంది అండాలు.



"ఎక్కిండు, పోయిండు," అంది మళ్లీ. ఈసారి ఏడుపొచ్చింది. మూడేళ్లుగా ఆగినది కాబట్టి తొందరగా ఆగలేదు. కాత్యాయని పక్కన నేల మీద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఫిలిప్ మంచినీళ్లు తెచ్చాడు. ఈ ఫోటో తను తీసింది ఆ శుక్రవారమేనని, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వచ్చి చెబుతానని విశ్వపతి మందాకినితో అన్నాడు. మందాకిని టేపు మీద అండాలు పేరు రాసి, ఖాళీ అయిన నెగటివ్ తీసి విశ్వపతి చేతిలో పెట్టింది. అతను దాన్ని వెలుగుకి ఎత్తి చూడబోయి, చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

చాలాసేపటికి అండాలు మొహం కడుక్కుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గాని, మెడ నిటారుగా ఉంది.

"ఎవలను జూసి గట్ల జేసిండు సార్? మీరేనా గోడ కాడున్నది?"

విశ్వపతి భార్య వైపు చూశాడు.

"మా అమ్మాయిని చూసి," అంది కాత్యాయని. "శర్వాణి అని. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుంది."

"అయితే పిల్లనే ముందుగాల ఎక్కిరిచ్చింది," అంది అండాలు తేల్చేస్తూ. "మా ఆయన ఊకెనే ఎవ్వల జోలికి పోడు. పిల్లలు నాలుక జాపితేనే మల్ల జాపుతడు, చెవులాడిస్తేనే ఆడిస్తడు. మా గల్లీల పోరలనందర్ని అడుగున్రి. పిల్ల ఎట్ల జేస్తే గట్లనే, అచ్చం గట్లనే జేస్తడు."

కాత్యాయని కదలకుండా నిలబడింది. తర్వాత తెల్లటి తెర వైపు తిరిగింది. నాలుక బారెడు బయటికి, చెయ్యి చెవి దగ్గర, ఏనుగులా. ఆ మొహం మీద ఇంకో చిన్న మొహాన్ని పెట్టి చూసుకుంటోందని విశ్వపతికి తెలిసింది. తనూ అదే చేస్తున్నాడు. మూడేళ్లుగా ఆ పిల్ల గురించి చెప్పుకున్న సంగతులే చెప్పుకున్నారు. కొత్తది ఒక్కటీ రాలేదు, రాదనుకున్నారు.

"మీకు తెలీదా?" అని అడిగింది భర్తని.

"నా నెత్తి మీదుంటే నాకెలా కనపడుతుంది?"

"ఎదురుగా ఆయన చేస్తున్నది కనపడలేదూ?"

"నేను తోక చూస్తున్నాను."

కాత్యాయని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని అతను ఒక అడుగు ముందుకేశాడు. ఆమె నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

"ఏవండీ, పెద్దవాళ్లని వెక్కిరించకూడదని దానికి ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు."

"విందా?"

"వినలేదు," అన్నాడు విశ్వపతి.